వెంట్రుకలు: సున్నా

2012 జూన్ 14, గురువారం. స్కాట్లాండ్ పడమటి తీరంలో ఆర్గైల్ అనే ప్రాంతం. అక్కడ లాక్‌గిల్ప్‌హెడ్ అనే చిన్న ఊళ్లో ప్రైమరీ స్కూలు. లెక్కల క్లాసు మధ్యలో మార్తా పేన్‌కు పిలుపొచ్చింది, హెడ్‌టీచర్ గదికి రమ్మని.

తొమ్మిదేళ్ల పిల్ల. లెక్కలు సగంలో వదిలేసి వెళ్లింది. గదిలో చెప్పింది ఒక్కటే ముక్క: ఇకమీదట బడి భోజనానికి ఫొటోలు తీయకూడదు. ఆ పొద్దున పేపర్లో వచ్చిన ఒక హెడ్డింగు దానికి కారణం. నిర్ణయం తీసుకున్నది బడి వాళ్లు కూడా కాదు, ఆర్గైల్ అండ్ బ్యూట్ కౌన్సిల్. మన జిల్లా పరిషత్తులాంటిదనుకోండి. బళ్లు, బళ్లలో వంటశాలలు, వండి వడ్డించే ఆడవాళ్ల ఉద్యోగాలు, అన్నీ దాని చేతిలోనివే.

అంత పెద్ద యంత్రాంగం ఒక పిల్ల కెమెరాకు ఎందుకు ఉలిక్కిపడిందో తెలియాలంటే ఆరు వారాలు వెనక్కి వెళ్లాలి.

మార్తా తల్లి డాక్టరు. తండ్రి డేవిడ్ కొద్దిపాటి పొలం చేసుకునే మనిషి. కూతురు బడి నుంచి రాగానే ఆకలో అంటూ వంటింట్లోకి పరిగెత్తేది. మధ్యాహ్నం బళ్లో తిని వచ్చిన పిల్లకు మూడు గంటలకే అంత ఆకలి ఎలా వేస్తుందో తండ్రికి అర్థం కాలేదు. వాళ్ల సంభాషణ దాదాపు ఇలా సాగి ఉంటుంది:

"ఇవాళ ఏం పెట్టారమ్మా?"

"పిజ్జా."

"ఎంత?"

"ఒక ముక్క."

"ఇంకా?"

భుజాలెగరేసి ఊరుకోవడం.

ఇంకా నయం, పిజ్జా అనైనా చెప్పింది. మన ఇళ్లలో ఇదే ప్రశ్నకు "అన్నం" అని జవాబు వస్తుంది. కూరేమిటంటే "ఏదో కూర" అంటారు. తిన్నావా అంటే "ఆఁ". బడి భోజనం గురించి కన్నవాళ్లకు అందే సమాచారం ప్రపంచంలో ఎక్కడైనా ఇంతే.

మార్తాకు రాయడమంటే ఇష్టం, పెద్దయ్యాక విలేఖరి కావాలని కోరిక. రోజూ ఏదో ఒకటి రాయాలి, దేని గురించి రాయాలి? బడి భోజనం గురించే రాయరాదా అన్నాడు తండ్రి. ఇంటర్నెట్‌లో ఒక పేజీ తెరిచి ఇచ్చాడు. దానికి 'నెవర్ సెకండ్స్' అని పేరు పెట్టారు. 'సెకండ్స్' అంటే మారు వడ్డన. అక్కడి భోజనాల గదిలో అది ఉండదని పిల్లల ఫిర్యాదు. అప్పటి నుంచి మార్తా జేబులో ఒక చిన్న కెమెరా.

మొదట్లో వచ్చిన ఫొటో ఒకటి తర్వాత లోకమంతా తిరిగింది. గళ్ల ట్రే. ఒక గడిలో చదరపు పిజ్జా ముక్క, దాని పక్కన బొటనవేలంత బంగాళాదుంప క్రోకెట్ ఒక్కటంటే ఒక్కటి. ఇంకో గడిలో కాసిని మొక్కజొన్న గింజలు, మరో గడిలో చిన్న కేకు. ఎదిగే పిల్లను, సాయంత్రం దాకా పాఠం వినాలి, ఒక్క క్రోకెట్‌తో ఎలా అని మార్తా దాని కింద నిలదీసింది. ఆ ఫొటో చూశాక గానీ సాయంత్రపు ఆకలి రహస్యం తండ్రికి బోధపడలేదు. ఈ రాతల వల్ల తనకు దక్కిన లాభం అదేనని కూడా ఆ పిల్ల రాసుకుంది.

ఇంతవరకూ అయితే ఇది ముద్దొచ్చే కథ. నన్ను పట్టుకున్నది ఆ ఫొటో కింద ఉన్న పట్టిక. రోజూ అవే అంశాలు: ఇష్టం ఎంత, పదికి మార్కులు (దీనికి 'ఫుడ్-ఓ-మీటర్' అని పేరు పెట్టింది). ఎన్ని ముద్దల తిండి. ఎన్ని వంటకాలు. ఆరోగ్యానికి పదికి మార్కులు. ధర. చివరిది, వచ్చిన వెంట్రుకలు.

పిల్లల బడి తిండి మీద తల్లిదండ్రులకు యాప్ కట్టి ఇస్తామంటూ ఇప్పుడు ప్రతి ఇంజనీరింగ్ కాలేజీ ప్రాజెక్టు పోటీలోనూ ఒకరిద్దరు తయారవుతున్నారు. ఫొటో తీస్తే క్యాలరీలు చెబుతుంది, ప్రొటీన్ గ్రాఫు గీస్తుంది, ఎర్రగంట మోగిస్తుంది. వాళ్లలో ఎవరైనా ఈ ఆరు గళ్ల దగ్గర ఒక పూట కూర్చుంటే బాగుండును.

ఇష్టాన్నీ ఆరోగ్యాన్నీ ఆ పిల్ల ఒక మార్కులో కలపలేదు. ఒక రోజు ఫొటోలో చీజ్‌బర్గర్, రెండు క్రోకెట్లు, మూడంటే మూడు కీరా చక్రాలు, ఐసుపుల్ల ఉన్నాయి. ఏ పిల్లనడిగినా పండగే అంటుంది. ఆరోగ్యం గడిలో మాత్రం ఆ పండగ చెల్లదు. ఐదు నక్షత్రాలిచ్చి ఊరుకునే యాప్‌లో ఈ తేడా మాయమైపోతుంది. పిల్లలకు నచ్చింది, కాబట్టి భోజనం భేష్ అని నివేదిక వెళ్లిపోతుంది.

ముద్దల లెక్క మరీ గొప్పది. బళ్లో తూకపు యంత్రం ఉండదు, ఉన్నా ప్రతి ట్రేనీ తూచేవాళ్లుండరు. తినే మనిషి తన నోటితోనే కొలవగలిగిన కొలత అది. లెక్కపెట్టడం మరిచిపోయిన రోజు మరిచిపోయానని రాసింది. సర్కారీ యాప్‌లలో ఆ వెసులుబాటు ఉండదు. గడి ఖాళీగా ఉంటే ముందుకు పోనివ్వదు. అందుకని మనిషి ఏదో ఒక అంకె కొడతాడు, ఆ అంకె పైకెళ్లి సగటులో కలుస్తుంది.

ధర రెండు పౌండ్లు. అప్పటి లెక్కన మనకు 170 రూపాయల పైమాటే. అది ఫొటో పక్కనే ఉండటంతో చూసినవాళ్లకు వేరే వ్యాఖ్యానం అవసరం పడలేదు.

ఇక వెంట్రుకలు. పెద్దవాళ్ల కమిటీ ఏదీ ఈ గడి పెట్టదు. పెడితే 'పరిశుభ్రత' అని పెట్టి, బాగుంది, పరవాలేదు, బాగులేదు అని మూడు మీటలు ఇస్తుంది. పిల్ల నేరుగా లెక్కపెట్టింది. అక్కడ సున్నా పడేది. ఆ సున్నా వంటశాలలో తలకు టోపీ పెట్టుకుని పనిచేసే ఆడవాళ్లకు రోజూ దక్కిన కితాబు. ఈ సంగతి తర్వాత రేగిన గొడవలో ఎవరికీ గుర్తులేదు.

స్కాట్లాండ్‌లో బడి భోజనానికి నియమాలు లేక ఇలా జరగలేదు. 2003లో 'హంగ్రీ ఫర్ సక్సెస్' పేరుతో ఉద్యమంలా మొదలుపెట్టి, 2007లో చట్టమే చేశారు. 2008 నుంచి ప్రైమరీ బళ్లలో నిబంధనలు అమలయ్యాయి. అప్పటి నియమం ప్రకారం నూనెలో మునిగి వేగినవి వారానికి మూడుకు మించకూడదు. రోజూ రెండు రకాల కూరగాయలు, రెండు రకాల పళ్లు అందుబాటులో ఉండాలి. అదనంగా బ్రెడ్ ఉండాలి. పోషకాల లెక్క వారం మొత్తానికి సగటు కట్టి చూసేవారు. కాగితం మీద ఇంత పకడ్బందీగా ఉన్న దేశంలో ఒక పిల్ల ట్రేలో ఒక్క క్రోకెట్ ఎలా మిగిలింది?

నిబంధనలు మెనూను కొలుస్తాయి కాబట్టి. బల్ల మీద ఏమేం పెట్టారన్నదే వాటికి ముఖ్యం. పిల్ల ఎంచుకున్నదేమిటి, ట్రేలో పడ్డదెంత, కడుపులోకి పోయిందెంత అన్నది వాటి పరిధిలోకి రాదు. మార్తా ఫొటోలు గుప్పుమన్నాక మే నెలలోనే ఒక విచిత్రం జరిగింది. సలాడ్, పళ్లు, బ్రెడ్ ఎంత కావాలంటే అంత తీసుకోవచ్చని పిల్లలకు చెప్పారు. అది కొత్త ఏర్పాటు కాదట, మొదట్నుంచీ ఉన్నదేనట! తినే పిల్లలకు మాత్రం ఆ సంగతి తెలియదు.

మన దగ్గరా కాగితం బలంగానే ఉంటుంది. ప్రైమరీ పిల్లకు పూటకు 450 క్యాలరీలు, 12 గ్రాముల ప్రొటీన్. అప్పర్ ప్రైమరీకి 700, 20. చిన్నపిల్లకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఎం.ఎం.ఎస్. అని ఒక యాప్ కూడా తెచ్చారు. హాజరెంత, తిన్నవాళ్లెందరు అని రోజూ అందులో ఎక్కించాలన్నారు. ఎక్కించేది హెడ్మాస్టరు. గుడ్డయితే లెక్కకు దొరుకుతుంది, ఇచ్చారా లేదా అని చెప్పొచ్చు, మరీ చిన్నదైతే పిల్లలే ఇంటికొచ్చి చెబుతారు. సాంబారు అలా దొరకదు. గుండిగలో పప్పు అడుక్కి దిగుతుంది, పైన పసుపునీళ్లు తేలతాయి. కలియబెట్టి వడ్డిస్తే ఒక లెక్క, పైపైన ముంచి పోస్తే ఇంకో లెక్క. వరసలో ముందు నిలబడ్డ పిల్లకూ చివర నిలబడ్డ పిల్లకూ ఒకే మెనూ, వేర్వేరు ప్రొటీన్. పైనుంచి తీసిన ఫొటోలో రెండు పళ్లేలూ ఒకేలా ఉంటాయి. ఎంత తెలివైన కృత్రిమ మేధ అయినా గరిటె ఏ లోతుకు దిగిందో ఫొటోలో చూడలేదు. తిన్న పిల్లను అడిగితే చెబుతుంది.

మళ్లీ లాక్‌గిల్ప్‌హెడ్‌కు.

మే సగానికల్లా మార్తా పేజీ దేశదేశాలకూ పాకింది. ఫిన్లాండ్, జపాన్, తైవాన్, అమెరికా... ఎక్కడెక్కడి పిల్లలో తమ బడి ట్రేల ఫొటోలు పంపడం మొదలెట్టారు. జేమీ ఆలివర్ ట్విటర్‌లో వెన్ను తట్టాడు. ఈయన వంటల టీవీ స్టారు. 2005లో బ్రిటన్ బళ్లలో తిండి ఎంత నాసిగా ఉందో టీవీలో చూపించి ప్రభుత్వం చేత డబ్బు విదిల్పించిన మనిషి. అయితే ఆయన సంస్కరణల మీద తిరుగుబాటూ జరిగింది. 2006లో ఇంగ్లాండ్‌లోని రాదరమ్ దగ్గర కొందరు తల్లులు బడి కంచె సందుల్లోంచి పిల్లలకు బర్గర్లు, చిప్స్ అందించారు. కొత్త ఆరోగ్యపు మెనూ మా పిల్లలకు సయించడం లేదని వాళ్ల వాదన. పత్రికలు వాళ్లను ఏకిపారేశాయి. నాకైతే వాళ్లు పూర్తిగా తప్పనిపించదు. మెనూ ఎంత గొప్పదైనా పిల్ల నోట్లోకి పోనిది పోషకాహారం ఎలా అవుతుంది?

జూన్ 14న 'డైలీ రికార్డ్' పత్రికలో ఒక ఫొటో వచ్చింది. స్కాట్లాండ్‌లో పేరున్న షెఫ్ నిక్ నైర్న్ పక్కన మార్తా, ముందు మంటలు లేస్తున్న పెనం. పైన హెడ్డింగు: వడ్డించే ఆడవాళ్లను ఇంటికి పంపే వేళయిందన్నట్టు. ఇంగ్లిషులో 'ఫైర్' అంటే మంటా అవుతుంది, ఉద్యోగంలోంచి తీసెయ్యడమూ అవుతుంది. మంటల ఫొటోకు సరిపోయేలా సబ్ ఎడిటర్ గారు చూపిన చమత్కారం. మార్తా ఆ మాట అనలేదు. ఎవరినీ తీసెయ్యమని ఆ పిల్ల ఒక్కనాడూ రాయలేదు. కానీ ఆ పొద్దున పేపర్ చూసిన వంటవాళ్లకు ఆ వివరం ఎవరు చెబుతారు? తమ ఉద్యోగాలు పోతాయేమోనని వాళ్లు భయపడ్డారని కౌన్సిల్ తర్వాత చెప్పుకుంది.

కౌన్సిల్ చేసింది మూర్ఖత్వమే. ఆ భయం మాత్రం నిజం. పళ్లెం ఫొటో చూసిన కోపం ముందుగా గరిటె పట్టుకున్న మనిషి మీద విరుచుకుపడుతుంది. ట్రేకు ఎంత ఖర్చు పెట్టాలి, క్రోకెట్లు ఎన్ని వెయ్యాలి అని నిర్ణయించినవాళ్లు ఫొటోలో ఉండరు. ఆంధ్రలో బడి వంట చేసే మహిళలకు 2019 తర్వాత నెలకు మూడు వేల రూపాయల గౌరవ వేతనం వచ్చింది. అది కూడా నెలనెలా చేతిలో పడితే అదృష్టం. కూరగాయల బిల్లు ఆలస్యమైతే అరువు తెచ్చి వండేది వాళ్లే. తల్లిదండ్రుల చేతికి యాప్ ఇచ్చి, అందులో ఎర్రగుర్తు పడగానే హెచ్చరిక వెళ్లేది ఆ వంటావిడ పేరు మీదకైతే ఆ యాప్ అన్యాయం చేసినట్టే. 'పప్పు పల్చగా ఉంది' అన్న ఫిర్యాదు పక్కనే 'ఈ నెల బిల్లు వచ్చిందా' అన్న గడి కూడా ఉండాలి.

ఆ గురువారం సాయంత్రం మార్తా తన పేజీలో వీడ్కోలు మాటలు రాసింది. ఇక ఫొటోలు తీయొద్దన్నారని, మార్కులు వేయడం, మిగతా పిల్లలు పంపే ట్రేలు చూడటం పోగొట్టుకున్నందుకు బాధగా ఉందని. ఇంకో బెంగ కూడా చెప్పుకుంది: వంటగదికి సరిపడా డబ్బు ఇక పోగుకాదేమోనని. కింద తండ్రి ఒక మాట చేర్చాడు. బడి వాళ్లు మొదట్నుంచీ అండగా ఉన్నారని, వాళ్లకు కృతజ్ఞతలని.

వంటగది ఏమిటంటారా? పేజీకి జనం పెరిగాక ఆ రద్దీని మంచిపనికి వాడదామని తండ్రీ కూతుళ్లు అనుకున్నారు. ఆర్గైల్‌లోనే డాల్‌మల్లీ అనే ఊళ్లో ఒక రేకుల షెడ్డులోంచి నడిచే సంస్థ ఉంది, 'మేరీస్ మీల్స్'. మాగ్నస్ మెక్‌ఫార్లేన్-బారో స్థాపించినది. 2002 నుంచి ఆఫ్రికాలోని మలావీ బళ్లలో పిల్లలకు రోజూ ఒక పూట పెడుతోంది. అక్కడ ఒక బడికి వంటగది కట్టడానికి ఏడు వేల పౌండ్లు కావాలి. గురువారం నాటికి సుమారు రెండు వేలు వచ్చాయి.

తెల్లారేసరికి నిషేధం వార్త దేశమంతా పాకింది. కౌన్సిల్ వెనక్కి తగ్గకపోగా పొడుగాటి ప్రకటన విడుదల చేసింది. ఆ ఫొటోలు మా వంటశాలల్లో దొరికే వాటిలో ఒక ముక్కనే చూపిస్తున్నాయి, పిల్లలకు ఎంచుకోవడానికి ఇంకా బోలెడున్నాయి అని వాదించింది. మెనూ చూడండి, ట్రే చూడకండి అని చెప్పడమే ఇది! స్కాట్లాండ్ అప్పటి విద్యామంత్రి మైక్ రస్సెల్ ఆ ప్రాంతపు ప్రజాప్రతినిధి కూడా. నిషేధం ఎత్తెయ్యమని ఆయన కూడా అన్నాడు. కౌన్సిల్ నాయకుడు రాడీ మెక్‌కుయిష్ ఆ మధ్యాహ్నం బీబీసీ రేడియోలో మాట్లాడుతూ నిషేధం రద్దు చేస్తున్నామని ప్రకటించాడు. అది రెండు రోజులైనా నిలవలేదు. ఆ పాలకుల్లో ఎవరికైనా ముందే ఒక ఫోన్ చేసి, అమ్మా, నీ పట్టిక మాకూ పంపిస్తావా అని అడగాలని తట్టి ఉంటే, ప్రపంచంలో ఏ కౌన్సిల్ దగ్గరా లేని సమాచారం పైసా ఖర్చు లేకుండా వాళ్ల బల్ల మీదకు వచ్చేది.

ఆ రెండు మూడు రోజుల్లో విరాళాలు లక్ష పౌండ్ల దిశగా పరిగెత్తాయి, తర్వాత దాటాయి. ఏడు వేలు అడిగిన పిల్ల!

మలావీలో బ్లాంటైర్ దగ్గర లిరాంగ్వే ప్రైమరీ స్కూలు. అప్పట్లో దాదాపు రెండు వేలమంది పిల్లలు. అక్కడ కట్టిన వంటగదికి 'ఫ్రెండ్స్ ఆఫ్ నెవర్ సెకండ్స్' అని పేరు పెట్టారు. ఆ ఏడాది చివర్లో మార్తా కుటుంబంతో వెళ్లి చూసి వచ్చింది. మొక్కజొన్న, సోయా పిండికి విటమిన్లు కలిపి కాచే జావ, లికూనీ ఫాలా అంటారు. ఒక్కొక్కరికి ఒక్కో కప్పు. అప్పట్లో ఒక పిల్లకు ఏడాది పొడుగునా పెట్టడానికయ్యే ఖర్చు 10 పౌండ్ల 70 పెన్స్. లాక్‌గిల్ప్‌హెడ్‌లో అయితే ఆ డబ్బుకు ఐదు ట్రేలు వచ్చేవి, కాస్త చిల్లర మిగిలేది.

లిరాంగ్వేలో ఎంచుకోవడానికి ఏమీ లేదు, ఒకటే జావ. కాబట్టి మార్తా పట్టికలో సగం గళ్లు అక్కడ పనికిరావు. వడ్డించే ముందు ఇద్దరు ముగ్గురు పెద్దలు, వారిలో ఒక టీచరు రుచి చూడాలని మన మధ్యాహ్న భోజన నిబంధనల్లో రాసుకున్నాం. అక్కడ ఆ నిబంధన అవసరం పడదు. తెల్లవారకముందే వచ్చి పొయ్యి రాజేసి, జావ కలియబెట్టి, కప్పుల్లో పోసేది ఆ ఊరి స్వచ్ఛంద కార్యకర్తలు. వాళ్లలో చాలామంది ఆ పిల్లల తల్లులూ అమ్మమ్మలూ నానమ్మలే. వంతులేసుకుని వస్తారు.